అమెరికా సివిల్ దావాల్లో డిస్కవరీ మోషన్: నోటీసు ఎక్కడ తప్పుతుంది, తప్పితే నష్టం ఎంత

వాది తరఫు లాయరు ప్రతివాదికి 25 రాతపూర్వక ప్రశ్నలు పంపాడు. 30 రోజులు గడిచినా జవాబు రాలేదు. ఇంకో రెండు వారాలు ఆగి, జవాబులు ఇప్పించమని, తన ఫీజు ఖర్చు కూడా ఇప్పించమని కోర్టులో మోషన్ (ఉత్తర్వు కోరే దరఖాస్తు) వేశాడు. ప్రతివాది లాయరు ఒక్కటే అభ్యంతరం చెప్పాడు: ఆ ప్రశ్నలు ఈమెయిల్‌లో వచ్చాయి, ఈమెయిల్‌లో తీసుకుంటామని మేమెప్పుడూ రాసివ్వలేదు. అంతే, ప్రశ్నలు సబబైనవా కావా అనే చర్చ వెనక్కి పోయింది. జడ్జి ముందుగా తేల్చాల్సింది ఆ 30 రోజుల గడువు అసలు మొదలైందా లేదా అన్నది.

ఊహించి చెప్పిన ఉదాహరణే ఇది. అయితే డిస్కవరీ తగాదాలు అసలు విషయం వదిలేసి కాగితం ఎలా అందిందనే దగ్గర ఆగిపోవడం అమెరికా కోర్టుల్లో కొత్తేం కాదు. దీన్ని సాంకేతిక సాకు అని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఆ మాట సగమే నిజం. సర్వీస్‌లో, అంటే కాగితాన్ని నియమం ప్రకారం ఎదుటిపక్షానికి అందజేయడంలో, చిన్న లోపం ఒక కేసులో వారం రోజుల వాయిదాతో సరిపోతుంది. సరిగ్గా అలాంటి లోపమే ఇంకో కేసులో హక్కునే పోగొడుతుంది. ఈ తేడా లోపం పరిమాణాన్ని బట్టి రాదు. ఆ కాగితం ఏ గడువును మొదలుపెట్టాలి, ఏ శిక్షకు ఆధారం కావాలి, క్యాలెండర్‌లో ఇంకా ఎంత సమయం మిగిలింది అనేవాటిని బట్టి వస్తుంది.

డిస్కవరీ అంటే విచారణ మొదలవకముందే ఎదుటిపక్షం దగ్గరున్న సమాచారాన్ని, పత్రాలను రాబట్టుకునే దశ. ఫెడరల్ కోర్టుల్లో దీన్ని నడిపేది 1938లో అమల్లోకి వచ్చిన ఫెడరల్ రూల్స్ ఆఫ్ సివిల్ ప్రొసీజర్. ఇంటరాగేటరీలనే రాతపూర్వక ప్రశ్నలు, పత్రాల అభ్యర్థనలు, ఫలానా విషయం నిజమని ఒప్పుకోమనే అభ్యర్థనలు, ప్రమాణం చేయించి సాక్షి వాంగ్మూలం తీసుకునే డిపోజిషన్లు, ఇవన్నీ మామూలుగా లాయర్ల మధ్యే నడిచిపోతాయి. పేచీ వచ్చినప్పుడే కోర్టు తలుపు తడతారు. జవాబు ఇప్పించమని ఒకరు, ఈ వేధింపు ఆపించమని ఇంకొకరు, ఉత్తర్వును పాటించలేదు కాబట్టి శిక్షించమని మరొకరు వేసేవే డిస్కవరీ మోషన్లు.

మోషన్ కింద ఇంకో సర్వీస్

మోషన్‌ను సరిగ్గా అందజేస్తే పని అయిపోయిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ప్రతి డిస్కవరీ మోషన్ కిందా అంతకుముందు జరగాల్సిన మరో సర్వీస్ ఉంటుంది. ముందు అభ్యర్థన సరిగ్గా అందాలి, తర్వాత దాని మీద వేసిన మోషన్ సరిగ్గా అందాలి. మొదటిది లోపిస్తే రెండోది ఎంత పద్ధతిగా ఉన్నా నిలబడదు. రూల్ 37(డి) ఈ సంగతి నేరుగానే చెబుతుంది. ఇంటరాగేటరీలకు, పత్రాల అభ్యర్థనలకు అసలు స్పందించని పక్షాన్ని ముందస్తు ఉత్తర్వు లేకుండానే శిక్షించవచ్చు కానీ, అవి ఆ పక్షానికి సరిగ్గా సర్వ్ అయి ఉండాలి. సాక్షిగా హాజరుకాని పక్షం విషయంలోనూ అంతే, డిపోజిషన్ నోటీసు సక్రమంగా అంది ఉండాలి.

ఇక్కడే ఒక విచిత్రం ఉంది. ఫెడరల్ కోర్టుల్లో ఇప్పుడు మోషన్లు ఎలక్ట్రానిక్ ఫైలింగ్ వ్యవస్థలో దాఖలవుతాయి. 2018 సవరణ తర్వాత, ఆ వ్యవస్థలో నమోదైన వాళ్లకు ఫైల్ చేయడమే సర్వీస్. వాళ్ల సమ్మతి అక్కర్లేదు, విడిగా సర్వీస్ ధ్రువీకరణా అక్కర్లేదు. మోషన్ విషయంలో పని ఇంత తేలికైంది. మరి డిస్కవరీ అభ్యర్థనల సంగతి? రూల్ 5(డి) ప్రకారం వాటిని కేసులో వాడే దాకా, లేదా కోర్టు ఆదేశించే దాకా, ఫైల్ చేయనే కూడదు. ఫైల్ చేయని కాగితానికి ఫైలింగ్ వ్యవస్థ ద్వారా సర్వీస్ జరగదు కదా. కాబట్టి వాటికి పాత పద్ధతులే గతి: చేతికివ్వడం, ఆఫీసులో బాధ్యుడైన మనిషికి ఇచ్చి రావడం, చివరిగా తెలిసిన చిరునామాకు పోస్టు చేయడం, లేదా ఎదుటివాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్న పద్ధతిలో పంపడం. మామూలు ఈమెయిల్ ఈ ఆఖరి రకం కిందికి వస్తుంది. కోర్టు నుంచి రోజూ ఈమెయిల్‌లో నోటీసులు అందుకునే లాయరు, తాను పంపే ఈమెయిల్‌కూ అదే చెల్లుబాటు ఉంటుందని అనుకోవడం సహజం. అక్కడే బోల్తా పడతాడు.

దీనికి మందు చాలా చవక. దావా మొదట్లో ఇరుపక్షాల లాయర్లు కూర్చుని డిస్కవరీ ప్రణాళిక వేసుకోవాలని రూల్ 26(ఎఫ్) అంటుంది. ఈమెయిల్ సర్వీస్‌కు ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయని ఆ నివేదికలో ఒక్క వాక్యం రాసుకుంటే సరిపోతుంది. ఆ వాక్యం లేని కేసుల్లోనే తర్వాత పేజీలకు పేజీలు ఖర్చవుతాయి.

రుజువు సమస్య ఇంకొకటి. ఫైల్ చేయని కాగితానికి సర్వీస్ ధ్రువీకరణను కూడా కోర్టులో దాఖలు చేయనక్కర్లేదు, స్థానిక నియమమో కోర్టు ఉత్తర్వో అడిగితే తప్ప. అంటే అభ్యర్థన ఎప్పుడు, ఎలా వెళ్లిందో కోర్టు రికార్డులో జాడ ఉండదు. ఆరు నెలల తర్వాత మోషన్ వేసే రోజున దాన్ని రుజువు చేసుకోవాల్సింది పంపినవాడే. అందుకే తేదీ, పద్ధతి, ఎవరికి, ఏ చిరునామాకు అనే నాలుగు వివరాలతో ఒక ధ్రువీకరణను అభ్యర్థన చివరే జోడించి, సంతకం చేసి ఉంచుకోవడం అనుభవమున్న ఆఫీసులన్నీ చేసే పని. నియమం అడగలేదు కదా అని వదిలేస్తే, అవసరం పడిన రోజున ఎవరి జ్ఞాపకం మీదో ఆధారపడాలి.

రూల్ 36 కింద వచ్చే ఒప్పుకోలు అభ్యర్థనల్లో ఈ మొదటి సర్వీస్ విలువ మరీ ఎక్కువ. సర్వ్ అయిన 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఆ విషయం ఒప్పుకున్నట్టే. మోషన్ వేయక్కర్లేదు, జడ్జి ఏమీ అనక్కర్లేదు, గడువు దాటగానే దానంతట అదే జరిగిపోతుంది. తర్వాత కోర్టు అనుమతితో వెనక్కి తీసుకునే వీలున్నా, అందుకు వేరే మోషన్ వేసుకోవాలి. ఒక కవరు సరైన చిరునామాకు వెళ్లిందా లేదా అనే దాని మీద కేసు మొత్తం తిరిగే సందర్భం ఇది. లాయరు లేకుండా సొంతంగా వాదించుకునే వాళ్లు ఎక్కువగా దెబ్బతినేదీ ఇక్కడే.

ఎవరికి అందాలి

రూల్ 37(ఎ) మోషన్ వేయడానికి పెట్టిన షరతు, మిగతా పక్షాలకూ ప్రభావితులందరికీ నోటీసు ఇవ్వడం. ముగ్గురు ప్రతివాదులున్న దావాలో ఒకడి మీదే మోషన్ వేసినా మిగతా ఇద్దరికీ అందజేయాలి. వాళ్లకేం సంబంధం అనిపించవచ్చు. కానీ ఒక ప్రతివాది బయటపెట్టే పత్రాల్లో ఇంకొకరి వ్యాపార రహస్యం ఉండొచ్చు, లాయరుతో జరిపిన గోప్య సంభాషణ ఉండొచ్చు. అభ్యంతరం చెప్పే అవకాశం పత్రాలు బయటకు వెళ్లకముందే ఉండాలి.

లాయరున్న పక్షానికి లాయరుకే సర్వ్ చేయాలి. నేరుగా కక్షిదారుకు పంపితే, కోర్టు అలా ఆదేశించి ఉంటే తప్ప, అది సర్వీస్ కాదు. లాయరు కేసు నుంచి తప్పుకుంటే కక్షిదారే చిరునామాదారు అవుతాడు. ఈ మార్పు జరిగిన వారం పది రోజుల్లో వేసే మోషన్లు పాత లాయరు దగ్గరే ఉండిపోవడం మామూలు. ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఆ కక్షిదారును తనంతట తాను చేర్చుకోదు. సొంతంగా వాదించుకునే వాళ్లు కోర్టు ఉత్తర్వు గానీ స్థానిక నియమం గానీ అనుమతిస్తేనే అందులో ఫైల్ చేయగలరు. వాళ్లు వ్యవస్థలో నమోదు కాలేదంటే వాళ్లకు కాగితం పంపాల్సిందే.

అసలు కోర్టుకే రాని ప్రతివాది సంగతి వేరు. హాజరుకాక డిఫాల్ట్‌లో ఉన్నవాడికి తర్వాతి కాగితాలు అందజేయనక్కర్లేదని రూల్ 5(ఎ)(2) చెబుతుంది. కానీ ఈ మినహాయింపును లాగి వాడకూడదు. ఒకసారి జవాబు దాఖలు చేసి, ఆ తర్వాత మౌనంగా ఉండిపోయినవాడు కోర్టుకు రానివాడు కాడు. అతనికి ప్రతి మోషన్ పంపాల్సిందే, జవాబు రాదని ముందే తెలిసినా సరే.

పోస్టులో పంపితే సర్వీస్ ఎప్పుడు పూర్తయినట్టు? పెట్టెలో వేసిన క్షణానే. అవతలివాడికి చేరిందా లేదా అన్నది నియమం పట్టించుకోదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో మాత్రం ఒక రక్షణ పెట్టారు: చేరలేదని పంపినవాడికి తెలిస్తే ఆ సర్వీస్ చెల్లదు. ఈమెయిల్ బౌన్స్ అయితే మళ్లీ పంపాలన్నమాట. ఉత్తరం తిరిగొస్తే? రూల్ 5లో దానికి అలాంటి మాట లేదు. ఈ తేడాకు గట్టి కారణం కనిపించదు. సుప్రీంకోర్టు 1950లో ముల్లేన్ కేసులో నోటీసుకు పెట్టిన కొలత ఏమిటంటే, ఆ పరిస్థితుల్లో సంబంధితులకు విషయం తెలిసేలా, అభ్యంతరం చెప్పుకునే వీలుండేలా సహేతుకంగా ఉద్దేశించినదై ఉండాలి. ఊరికే మొక్కుబడిగా చేసింది నోటీసు కాదని ఆ తీర్పు రాసిన జస్టిస్ జాక్సన్ భావం. 2006లో జోన్స్ వర్సెస్ ఫ్లవర్స్ కేసులో ఇంకో అడుగు ముందుకేశారు. పన్ను బకాయికి ఇల్లు అమ్మేసే ముందు పంపిన ఉత్తరం తీసుకునేవారు లేక తిరిగొచ్చింది. అది తెలిసిన తర్వాత, వీలైన మరో ప్రయత్నం చేయకుండా ప్రభుత్వం ముందుకెళ్లడం చెల్లదన్నారు. అది నడుస్తున్న దావాలోని మోషన్ల గురించి ఇచ్చిన తీర్పు కాదు. పైగా నడుస్తున్న దావాలో తన చిరునామా మారితే కోర్టుకు తెలపాల్సిన బాధ్యత ఆ పక్షం మీదే ఉంటుంది. అయినా తిరిగొచ్చిన కవరును ఫైల్లో పెట్టుకుని, పోస్టు చేశాను కాబట్టి పూర్తయింది అని వాదించే లాయరు, కేసునే కొట్టేయమని అడుగుతున్నప్పుడు, జడ్జి ముందు సుఖంగా ఉండలేడు.

రోజుల లెక్క

రాతపూర్వక మోషన్‌నూ హియరింగ్ నోటీసునూ హియరింగ్‌కు కనీసం 14 రోజుల ముందు అందజేయాలని రూల్ 6(సి) అంటుంది. మోషన్‌కు ఆధారంగా అఫిడవిట్ ఉంటే దాంతోపాటే వెళ్లాలి. ఎదురు అఫిడవిట్ 7 రోజుల ముందు రావాలి. 2009కి ముందు ఈ 14 రోజుల స్థానంలో 5 రోజులే ఉండేవి. స్థానిక నియమాలూ జడ్జిల ఉత్తర్వులూ దీన్ని మార్చవచ్చు, తరచుగా మారుస్తాయి కూడా. అసలు హియరింగే లేకుండా కాగితాల మీదే తేల్చే కోర్టులు చాలా ఉన్నాయి.

వెనక్కి లెక్కపెట్టేటప్పుడే తప్పులు దొర్లుతాయి. 2026 మార్చి 2, సోమవారం హియరింగ్ అనుకుందాం. 14 రోజులు వెనక్కి వెళితే ఫిబ్రవరి 16, సోమవారం. ఆ రోజు వాషింగ్టన్ జయంతి సెలవు. గడువు ఆఖరి రోజు సెలవైతే మరుసటి పనిరోజుకు జరుగుతుందన్న అలవాటుతో 17న సర్వ్ చేసేస్తారు. అది తప్పు. హియరింగ్ నుంచి వెనక్కి లెక్కించే గడువులో సెలవు తగిలితే ఇంకా వెనక్కే వెళ్లాలి. 15 ఆదివారం, 14 శనివారం, కాబట్టి 13 శుక్రవారమే ఆఖరి రోజు.

పోస్టులో పంపితే 3 రోజులు కలపాలన్న రూల్ 6(డి)ని కూడా ఇక్కడికి తెచ్చి అంటిస్తుంటారు. అది సర్వీస్ అందుకున్నవాడు స్పందించాల్సిన గడువులకే వర్తిస్తుంది. ఇంటరాగేటరీలు పోస్టులో వెళితే జవాబుకు 33 రోజులు, ఇది సరైన లెక్క. హియరింగ్‌కు ముందు ఇవ్వాల్సిన 14 రోజులు మాత్రం పెరగవు. ఎలక్ట్రానిక్ సర్వీస్‌కు ఒకప్పుడు ఉన్న 3 రోజుల అదనం 2016 డిసెంబరులో పోయింది.

రాష్ట్రాల కోర్టుల్లోకి వెళితే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. టెక్సస్‌లో హియరింగ్‌కు 3 రోజుల ముందు సర్వ్ చేస్తే సరిపోతుంది. న్యూయార్క్‌లో 8 రోజులు, రాష్ట్రం లోపల పోస్టు చేస్తే ఇంకో 5 రోజులు కలపాలి. కాలిఫోర్నియాలో ఏకంగా 16 కోర్టు పనిదినాలు, అంటే మామూలు రోజుల్లో మూడు వారాలు దాటుతుంది. దానికి తోడు రాష్ట్రం లోపల పోస్టు చేస్తే 5 రోజులు, బయటి రాష్ట్రం నుంచో బయటి రాష్ట్రానికో అయితే 10, విదేశమైతే 20. ఎలక్ట్రానిక్ పద్ధతికి 2 కోర్టు పనిదినాలు. ఒక రాష్ట్రంలో అలవాటైన చేతితో ఇంకో రాష్ట్రంలో తేదీ వేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

కాలిఫోర్నియాలో వీటన్నిటినీ మించి భయపడాల్సింది 45 రోజుల గడువు. ప్రమాణపూర్వక జవాబు వచ్చింది కానీ అది అరకొరగా ఉంది, పూర్తి జవాబు ఇప్పించమని అడగాలి అనుకుంటే, ఆ జవాబు సర్వ్ అయిన 45 రోజుల్లోగా మోషన్ నోటీసు ఇవ్వాలి. పోస్టు వంటి పద్ధతుల్లో వచ్చుంటే ఆ మేరకు పెరుగుతుంది, ఇరుపక్షాలూ రాతపూర్వకంగా వేరే తేదీకి ఒప్పుకోవచ్చు. అవేమీ లేకుండా దాటిపోతే ఆ ప్రశ్న మీద పూర్తి జవాబు రాబట్టుకునే హక్కే పోతుంది. విచిత్రంగా, అసలు జవాబే ఇవ్వనివాడి మీద వేసే మోషన్‌కు ఈ 45 రోజుల గడువు లేదు. అరకొర జవాబిచ్చినవాడే గడియారాన్ని నడిపిస్తాడు.

మోషన్‌కు ముందు మాట్లాడటం

మోషన్ వేసే ముందు ఎదుటిపక్షంతో నిజాయతీగా మాట్లాడి చూశామని, లేదా మాట్లాడే ప్రయత్నం చేశామని రూల్ 37(ఎ)(1) కింద ధ్రువీకరణ ఇవ్వాలి. శుక్రవారం సాయంత్రం ఈమెయిల్ పెట్టి, సోమవారం పొద్దుటికల్లా తేల్చకపోతే మోషనే అని రాస్తే దాన్ని ప్రయత్నంగా ఒప్పుకునే జడ్జి దొరకడం కష్టం. ఈ షరతు తప్పితే మోషన్ తిరిగిరావడమే కాదు, గెలిచినా ఖర్చులు రావు. ముందు ప్రయత్నం చేయకుండా వచ్చినవాడికి ఫీజు ఇప్పించకూడదని రూల్ 37(ఎ)(5) చెబుతుంది. కొందరు జడ్జిలు మోషన్‌కు ముందే తమతో చిన్న సమావేశం అడగమంటారు. 2015 సవరణతో రూల్ 16లో ఆ వీలు స్పష్టంగా చేరింది. చాలా తగాదాలు మేజిస్ట్రేట్ జడ్జి (జిల్లా జడ్జి కింద ఇలాంటి విషయాలు చూసే జడ్జి) దగ్గర అరగంట ఫోన్ కాల్‌తో ముగిసిపోతాయి. టెన్షన్ తగ్గించే పద్ధతే, సందేహం లేదు. కాకపోతే ఆ కాల్‌లో ఎవరున్నారు, ఏం అడిగారు, ఏం ఆదేశించారు అన్నది రాతలో లేకపోతే రేపు ఉత్తర్వు ఉల్లంఘన అనడానికి ఆధారం ఉండదు.

దావాలో లేని మనిషి

సాక్ష్యం చెప్పమనో పత్రాలు ఇవ్వమనో ఆదేశించే సబ్‌పీనా దగ్గర నోటీసు నియమాలు రెండు దిక్కులా పనిచేస్తాయి. బ్యాంకుకో ఆసుపత్రికో పత్రాల కోసం సబ్‌పీనా పంపాలంటే, దాన్ని వాళ్లకు అందజేయకముందే దాని ప్రతితో సహా మిగతా పక్షాలన్నిటికీ నోటీసు ఇవ్వాలి. 2013 సవరణ ఈ వరసను ఇంకా స్పష్టం చేసింది. ముందు పంపి తర్వాత తెలపడం తరచుగా జరిగే ఉల్లంఘన. ఎదుటిపక్షానికి తెలిసేసరికి పత్రాలు వచ్చేసి ఉంటాయి, చదవడమూ అయిపోయి ఉంటుంది. ఒకసారి చదివేశాక రోగి రికార్డును చదవనట్టు చేసే ఉత్తర్వు ఏ జడ్జీ ఇవ్వలేడు.

సబ్‌పీనాను దావాలో పక్షం కాని, 18 ఏళ్లు నిండిన ఎవరైనా అందజేయవచ్చు. సాక్షి స్వయంగా రావాలంటే ఒక రోజు హాజరు రుసుము, ప్రయాణ ఖర్చు దాంతోపాటే ఇవ్వాలి. చట్టం పెట్టిన హాజరు రుసుము రోజుకు 40 డాలర్లే. ఇంత చిన్న మొత్తం మరిచిపోవడం వల్ల సబ్‌పీనా చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది.

బయటి సంస్థ అభ్యంతరం చెబితే, పత్రాలు ఇప్పించమని మోషన్ వేయాలి. ఎక్కడ? దావా నడిచే కోర్టులో కాదు, సబ్‌పీనా పాటించాల్సిన జిల్లా కోర్టులో. ఎవరికి నోటీసు? ఆదేశం అందుకున్న ఆ సంస్థకు. ఆ సంస్థ దావాలో పక్షం కాదు, దాని లాయరు ఎవరో ఆ కేసు రికార్డులో ఉండదు, ఎలక్ట్రానిక్ వ్యవస్థలో ఫైల్ చేసిన మోషన్ దాని దాకా వెళ్లదు. అన్ని పక్షాలకూ ఆటోమేటిగ్గా నోటీసు వెళ్లింది కదా అని ధీమాగా హియరింగ్‌కు వచ్చే లాయరును జడ్జి అడిగే మొదటి ప్రశ్న, ఆ సంస్థకు ఎలా చెప్పారు అని. కాలిఫోర్నియా నియమం ఇంకా కచ్చితం. పక్షం కాని సాక్షి మీద వేసే ఇలాంటి మోషన్ కాగితాలు, ఆ సాక్షి వేరే పద్ధతికి ఒప్పుకోకపోతే, స్వయంగా చేతికే అందాలి. ఎవరి తగాదాలోకో లాగబడిన మనిషి మీద కోర్టు అధికారం ప్రయోగించేటప్పుడు ఆ మాత్రం శ్రమ అడగడం న్యాయమే.

శిక్ష అడిగినప్పుడు

డిస్కవరీ మోషన్లలో నోటీసు లోపాన్ని కోర్టులు ఏమాత్రం ఉపేక్షించని చోటు శిక్షాచర్యలు. రూల్ 37 కింద ఫీజు ఇప్పించడం నుంచి వాదనలు కొట్టేయడం, దావానే తోసిపుచ్చడం, డిఫాల్ట్ తీర్పు ఇవ్వడం దాకా ఉన్నాయి. ఫీజు విషయంలో కూడా వినే అవకాశం ఇచ్చాకే అని నియమం ఉంది. 1980లో రోడ్‌వే ఎక్స్‌ప్రెస్ వర్సెస్ పైపర్ కేసులో సుప్రీంకోర్టు, తగిన నోటీసూ రికార్డు మీద విచారణా లేకుండా లాయరు ఫీజుల భారం వేయకూడదని చెప్పింది. కాలిఫోర్నియాలో మోషన్ నోటీసులోనే ఎవరి మీద అడుగుతున్నారో, ఏ రకం శిక్ష అడుగుతున్నారో పేరుపేరునా రాయాలి. ప్రతివాది మీద అని రాసి, హియరింగ్‌లో అతని లాయరు మీద కూడా అంటే కుదరదు.

దావానే తోసిపుచ్చిన ప్రసిద్ధ ఉదాహరణ 1976 నాటి నేషనల్ హాకీ లీగ్ కేసు. ఇంటరాగేటరీలకు 17 నెలల పాటు సరైన జవాబులు రాలేదు. కోర్టు గడువులు పెంచింది, హెచ్చరించింది, వాదులు ఇస్తామన్నారు, ఇవ్వలేదు. సుప్రీంకోర్టు ఆ తోసివేతను సమర్థించింది. ఆ కేసును ఎదుటిపక్షం మీద ప్రయోగించే లాయర్లు 17 నెలల సంగతే చెబుతారు. తీర్పును నిలబెట్టిన వాటిలో మధ్యలో వచ్చిన ఆ హెచ్చరికల బరువు తక్కువేం కాదు.

ఇక కక్షిదారుకు తెలుసా అనే ప్రశ్న. నోటీసులన్నీ లాయరుకే వెళతాయి. లాయరు వాటిని సొరుగులో పెట్టేస్తే, తన దావా ఎందుకు పోయిందో కక్షిదారుకు చివర్లో గానీ తెలియదు. 1962లో లింక్ వర్సెస్ వాబాష్ రైల్‌రోడ్ కేసులో విచారణకు ముందు సమావేశానికి లాయరు రాలేదని కింది కోర్టు దావా కొట్టేసింది. నువ్వు ఎంచుకున్న లాయరుకు తెలిసినది నీకు తెలిసినట్టే అని సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. లాయరు తప్పుకు కక్షిదారును శిక్షించడమేంటని జస్టిస్ బ్లాక్ విభేదించాడు. చట్టం మెజారిటీ వైపే ఉంది కానీ, ఈ విషయంలో న్యాయం బ్లాక్ వైపు ఎక్కువ కనిపిస్తుంది. దావా తోసివేత దాకా వెళ్లే మోషన్ ప్రతిని కక్షిదారుకూ పంపమని ఆదేశించే అధికారం రూల్ 5(బి) జడ్జికి ఇస్తూనే ఉంది. దాన్ని వాడటానికి ఖర్చు ఒక స్టాంపు.

లోపం కనిపించినప్పుడు

సర్వీస్ లోపంతో వచ్చిన మోషన్ చేతికందితే ఏం చేయాలి? ఊరుకుంటే మంచిదే అనుకోవడం ప్రమాదం. కాగితం చేతికి అందిందని, నష్టమేమీ జరగలేదని తేలితే జడ్జి సాధారణంగా తేదీ జరిపి అసలు విషయంలోకి వెళతాడు. ఫలితం మారనంత చిన్న లోపాలను పక్కనపెట్టమని రూల్ 61 కూడా చెబుతుంది. ఇక హియరింగ్‌కు వెళ్లి అసలు విషయం మీదే వాదిస్తే నోటీసు అభ్యంతరం వదులుకున్నట్టు లెక్క. కాబట్టి అభ్యంతరాన్ని రాతలో, మొట్టమొదట పెట్టాలి. సమయం చాలక ఏం చేయలేకపోయారో స్పష్టంగా చెప్పాలి: ఫలానా సాక్షి అఫిడవిట్ తేలేకపోయాం, ఫలానా ఫైళ్లు వెతకలేకపోయాం అని.

డిపోజిషన్ నోటీసు ఆలస్యంగా వస్తే మౌనం మరీ చేటు. ఫెడరల్ నియమాల్లో సహేతుకమైన నోటీసు అనే ఉంది తప్ప రోజుల సంఖ్య లేదు. 14 రోజుల కంటే తక్కువ నోటీసుతో తీసిన డిపోజిషన్‌ను తన మీద వాడకుండా ఆపుకోవచ్చు కానీ, వెంటనే రక్షణ ఉత్తర్వు (ఆ డిపోజిషన్‌ను ఆపమనో తేదీ మార్చమనో కోరే ఉత్తర్వు) కోసం మోషన్ వేసి, డిపోజిషన్ జరిగే నాటికి అది పెండింగ్‌లో ఉంటేనే. మేం రాలేమని ఉత్తరం రాసి ఇంట్లో కూర్చుంటే చాలదు.

అవతలివైపు, లోపం తనదేనని గ్రహించిన లాయరుకు తేలికైన దారి హియరింగ్ తేదీ మార్చుకుని మళ్లీ సక్రమంగా సర్వ్ చేయడం. చాలా కేసుల్లో అది పనిచేస్తుంది. డిస్కవరీ ఆఖరి తేదీ దాటిపోయాక, కాలిఫోర్నియాలోని 45 రోజులు ముగిశాక మాత్రం పనిచేయదు. మళ్లీ సర్వ్ చేయడానికి కాగితం ఉంటుంది, కానీ దాన్ని వినడానికి కోర్టుకు కారణం ఉండదు. మేజిస్ట్రేట్ జడ్జి ఇచ్చిన ఉత్తర్వు నచ్చక జిల్లా జడ్జి ముందు అభ్యంతరం వేయాలన్నా, రూల్ 72(ఎ) కింద ఆ ఉత్తర్వు ప్రతి సర్వ్ అయిన నాటి నుంచి 14 రోజులే ఉంటాయి.